హద్దురాయి అవతల పద్దెనిమిది అడుగులు

గట్టుపేట పురపాలక సంఘం హద్దు ఒక రాయి దగ్గర ఆగిపోతుంది. మోకాలెత్తు రాయి. సున్నం కొట్టి, మీద ఎర్రగీత పెట్టారు. రాయికి అవతల తుమ్మలబోడు పంచాయతీ. జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఇవి రెండు ఊళ్ళని తెలియనే తెలియదు. ఒకప్పుడు నడుమ పత్తిచేలు ఉండేవి. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్ళయ్యాయి, పట్నం వచ్చి పల్లె ఒళ్ళో కూర్చుంది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

పట్నం మురుగుకాలవ సరిగ్గా ఆ రాయి దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి పద్దెనిమిది అడుగులు ఒట్టి మట్టికాలవ. ఆ తర్వాత తుమ్మలబోడు వాళ్ళ సిమెంటు కాలవ మొదలవుతుంది. నడుమనున్న పద్దెనిమిది అడుగులు ఎవరు బాగుచేయాలో ఏ కాగితంలోనూ రాసిలేదు. పట్నం వాళ్ళు "మా పని రాయి దాకానే" అంటారు. పంచాయతీ వాళ్ళు "మా కాలవ సిమెంటు దగ్గరే మొదలు" అంటారు.

ఆ పద్దెనిమిది అడుగులనూ ఆరేళ్ళుగా పున్నమ్మ బాగుచేస్తోంది.

పున్నమ్మ పట్నం మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలు. పుట్టింది వత్సవాయి పక్క పల్లెలో, మెట్టింది గట్టుపేటలో. వచ్చే ఏటికి అరవై నిండుతాయి. తెల్లవారుజామునే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకుంటుంది. ఆ తర్వాత పార తీసుకుని కళ్ళకద్దుకుని, "తల్లీ తిరుపతమ్మా, ఇవాళ గాజుముక్క తగలనీయకమ్మా" అనుకుని కాలవలో దిగుతుంది. తన వార్డు పని తొమ్మిదింటికి అయిపోతుంది. తోటివాళ్ళు ఇళ్ళకి పోతారు. ఆవిడ పార భుజాన వేసుకుని హద్దురాయి దగ్గరికి వస్తుంది.

మట్టికాలవ పక్కనే హఫీజున్నీసా ఇల్లు. ఆమె జాకెట్లు కుడుతుంది. భర్త బాబ్జాన్ లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పున్నమ్మ మొదటిసారి అక్కడ పని చేసిన రోజున దాహం వేసి గేటు ముందు నిలబడి దోసిలి పట్టింది. ఇన్నేళ్ళ పనిలో ఆమెకి అలవాటైన పద్ధతి అది. పైనుంచి పోస్తారు, తను తాగుతుంది.

"దోసిలేంటక్కా? మా ఇంట్లో గ్లాసు లేదనుకున్నావా?" అంది హఫీజున్నీసా. తను తాగే స్టీలు గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టింది. ఆనక అదే గ్లాసులో టీ ఇచ్చింది. ఆ సాయంత్రం పున్నమ్మ ఇంట్లో దీపం పెట్టి, ఆ సంగతి అమ్మవారి పటం ముందు చెప్పుకుంది. దేవుడికి చెప్పుకోవలసినంత పెద్ద సంగతి అది ఆమెకి.

ఆరేళ్ళుగా ఆ టీ ఆగలేదు. కానీ ఆ టీ గుటకతోపాటు పున్నమ్మ మింగుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. పట్నం వైపు ఆ సిమెంటు కాలవ కట్టింది ఆమె మొగుడు బసవయ్యే.

బసవయ్య మంచి తాపీ పనివాడు. ఆయన లేపిన గోడకి దారం కట్టి చూస్తే వంక దొరికేది కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ కాలవ పనికి కూలికి పోయాడు. రాయి దాకా నీళ్ళు నిలవకుండా జారిపోవాలి, బిందెడు నీళ్ళు పోసి అధికారులకి చూపించాలి. పని చేయించేవాళ్ళు చెప్పింది అంతే. బసవయ్యకి అనుమానం వచ్చింది.

"రాయి దాటాక నీళ్ళు ఎటు పోతాయండీ?" అని అడిగాడు.

"అవతల మనది కాదుగా. నీ వాలు నువ్వు చూసుకో" అన్నారు.

ఆయన తన వాలు తను చూసుకున్నాడు. బిందెడు నీళ్ళూ పాదరసంలా జారి రాయి దగ్గరికి పోయాయి. అందరూ శభాష్ అన్నారు. ఆ ఏడు మొదటి పెద్దవానకి పట్నం నీళ్ళన్నీ అంతే చక్కగా వచ్చి హఫీజున్నీసా ఇంట్లోకి దూరాయి. ఆమె కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ లోతు మురుగులోంచి బయటికి రావడం బసవయ్య రోడ్డు మీద నిలబడి చూశాడు. అప్పటి నుంచి ఆ వీధిన నడవలేదు. చుట్టు తిరిగి పోయేవాడు. మూడేళ్ళ తర్వాత ప్రాణం పోయేముందు ఆసుపత్రి మంచం మీద కూడా ఇంటి గురించి, పిల్లల గురించి ఏం చెప్పలేదు. "ఒక్కసారే అడిగా పున్నమ్మా. రెండోసారి కూడా అడగాల్సింది" అన్నాడు.

ఆయన దినం అయిన మర్నాడే పున్నమ్మ పార పట్టుకుని రాయి దాటింది.

ఎంత పూడిక తీసినా వానాకాలం నీళ్ళు నిలిచేవి. పున్నమ్మ చేతనైంది ఏమిటంటే, మోకాలి లోతు చీలమండ లోతు అయ్యేది. హఫీజున్నీసా మృగశిర కార్తె రాగానే మిషను కాళ్ళ కింద నాలుగు ఇటుకలు పెట్టేది. కార్తీకం దాకా ఇటుకల మీద మిషను, ఎత్తు స్టూలు మీద తను. అలాగే కుట్టేది.

పోయిన ఏడు నీళ్ళతోపాటు జ్వరాలు వచ్చాయి. రాయికి ఇవతల నలభై మంది పడ్డారు, అవతల నలభై మంది పడ్డారు. దోమకి హద్దు ఎవరు చెబుతారు? హఫీజున్నీసాకీ జ్వరం తగిలింది. పది రోజులు మంచం దిగలేదు. దిగిన రోజున అరుగు మీదికి గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

"అక్కా, ఇల్లు అమ్మేస్తున్నా" అంది.

పున్నమ్మ గ్లాసు అరుగు మీద పెట్టేసింది.

"మా తమ్ముడు జగ్గయ్యపేట వచ్చెయ్యమంటున్నాడు. కొనేవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. సామాన్లు పెట్టుకునే గోడౌనుకంట. వానాకాలం ముందే ఖాళీ చేసి ఇవ్వమన్నారు. ఎన్నాళ్ళని ఇటుకల మీద బతుకుతాం?"

"మీ అత్త కట్టించిన ఇల్లు గదమ్మా ఇది."

"అత్త ఉండుంటే ఆవిడే అమ్మేసేది. ఆవిడకి నా అంత ఓపిక యాడుంది?" అని నవ్వింది హఫీజున్నీసా. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ వారంలోనే తుఫాను జల్లు పడింది. పున్నమ్మకి ఒక పనివాటం ఉంది. కాలవలో ఎక్కడ అడ్డుపడిందో కంటికి కనిపించకపోతే రైస్‌మిల్లు నుంచి తెచ్చుకున్న ఊక ఒక గుప్పెడు నీళ్ళ మీద చల్లుతుంది. ఊక తేలుతూ పోయి అడ్డున్న చోట గుంపుగా ఆగుతుంది. ఇన్నేళ్ళూ ఊక పట్నం వైపే చల్లేది. రాయి దాటి మట్టికాలవ తవ్వుతుందేగానీ, పంచాయతీ వాళ్ళ సిమెంటు కాలవ మీదికి ఎన్నడూ పోలేదు. అది ఊరివాళ్ళ సొత్తు, ఎవరేమంటారోనని.

ఆ రోజు మాత్రం గొడుగు వేసుకుని పోయింది. తుమ్మలబోడు బడి ముందు కాలవలో ఊక చల్లింది. అక్కడి నుంచి ఊరి చెరువు వైపు పోవాలి. ఊక ఒక క్షణం ఆగింది. ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, పున్నమ్మ వచ్చిన దారినే హఫీజున్నీసా ఇంటి వైపు బయలుదేరింది.

పున్నమ్మ గొడుగు పక్కన పెట్టేసి ఊక వెంట నడిచింది. ఇంకో గుప్పెడు చల్లింది. అదీ అంతే. అటు నుంచి ఊరి నీళ్ళు వస్తున్నాయి, ఇటు నుంచి పట్నం నీళ్ళు వస్తున్నాయి. రెండూ వచ్చి హఫీజున్నీసా గుమ్మం ముందు కలుసుకుంటున్నాయి. తను ఆరేళ్ళు తవ్వింది పూడిక కాదు, గిన్నె అడుగు.

మర్నాడు శానిటరీ మేస్త్రి కొండలరావుకి చెప్పింది. కొండలరావు చెడ్డవాడు కాదు, భయస్తుడు. పైవాళ్ళ ఫోను మోగితే కూర్చున్న కుర్చీలోంచి లేచి మాట్లాడే మనిషి.

"నువ్వు రాయి దాటుతున్నావని అప్పుడే ఎవరో ఫిర్యాదు పెట్టారు పున్నమ్మా. పట్నం జీతం తీసుకుని పల్లె పని చేస్తావా అంటన్నారు. అవుట్‌సోర్సింగ్ మనిషివి, ఒక్క సంతకంతో తీసేస్తారు. ఏడాదిలో ఎటూ దిగిపోతావు, ఓపిక పట్టు."

"పని వేళ అయ్యాకే గదండీ పోతున్నా."

"ఏ వేళయినా ఒంటిమీద కోటు మున్సిపాలిటీదేగా! ఆ నారింజ కోటు విప్పేసి పోయినా బాగుండేది. ఇంక పోమాక."

"ఆ నీళ్ళ సంగతి?"

"ఏ నీళ్ళు? నాకేం చెప్పలా నువ్వు, నేనేం వినలా" అన్నాడు కొండలరావు. ఆ మాట అంటూనే బీరువాలోంచి కొత్త రబ్బరు బూట్ల జత తీసి ఆమె ముందు పెట్టాడు. "పాతవి చిల్లులు పడ్డయ్యిగా" అని గొణిగాడు.

పున్నమ్మ రాయి దాటడం మానేసింది. నెల రోజులు మానేసింది. హఫీజున్నీసా తనే గ్లాసు పట్టుకుని రాయి దాకా వచ్చి టీ ఇచ్చి పోయేది. "మీ ఆఫీసు చట్టంలో టీకి కూడా హద్దుందా ఏంటక్కా?" అని ఎగతాళి చేసేది.

జ్వరాల మూలంగా పైనుంచి ఒక మాట వచ్చింది. పక్కపక్కనున్న మున్సిపాలిటీ, పంచాయతీ ఎవరి లెక్క వాళ్ళు రాసుకోవడం కాదు, కలిసి కూర్చుని, కలిసి చూసి, చెత్త, కుక్కలు, మురుగు, ఈ మూడింటికీ ఉమ్మడిగా దారి వెతకమన్నారు. మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున రెండు జీపులు వచ్చి రాయికి చెరోవైపు ఆగాయి. పట్నం నుంచి కమిషనరు, చిన్న ఇంజనీరు క్రిస్టీ, కొండలరావు వచ్చారు. తుమ్మలబోడు నుంచి సర్పంచి రోజారమణి, ఇద్దరు మెంబర్లు వచ్చారు. పున్నమ్మని కాలవ మీది మూత తీసి చూపించడానికి రమ్మన్నారు. "నోరు తెరవమాక" అని కొండలరావు రెండుసార్లు చెప్పాడు.

ఎండ ఎక్కుతోంది. రాయికి ఏ పక్క నిలబడి మాట్లాడాలో ఎవరికీ తేలలేదు. హఫీజున్నీసా చూసి, "లోపలికి రండి. నా ఇల్లు రెండూళ్ళ నీళ్ళకీ తెలుసు, మనుషులకీ తెలియనీయండి" అంది. అందరూ సిగ్గుపడుతూ నవ్వుతూ వరండాలోకి వచ్చారు.

క్రిస్టీ పట్నం కాలవ పటం తెచ్చింది. పంచాయతీ మెంబరు ఊరి కాలవ పటం తెచ్చాడు. గుడ్డ కత్తిరించే బల్ల మీద రెండూ పరిచారు. పట్నం పటం రాయి దగ్గర అయిపోయింది, కింద ఖాళీ కాగితం. ఊరి పటం సిమెంటు దగ్గర మొదలైంది, పైన ఖాళీ కాగితం. ఇన్నేళ్ళలో ఆ రెండు కాగితాలూ ఒక బల్ల మీదికి రావడం అదే మొదలు.

"పూడిక సమస్య అయ్యుంటుంది. మిషను పెట్టి తీయిద్దాం" అన్నాడు కమిషనరు.

"మీ వైపు తీయించండి, మా వైపు మేం తీయిస్తాం" అంది రోజారమణి. పని అయిపోయినట్టే అందరూ టీ గ్లాసులు అందుకున్నారు.

పున్నమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బసవయ్య గుర్తొచ్చాడు. ఒక్కసారే అడిగా అన్న మాట గుర్తొచ్చింది. తల్లీ తిరుపతమ్మా అనుకుంది.

"పూడిక కాదండీ" అంది.

కొండలరావు దగ్గాడు.

"పూడిక కాదండీ. ఆరేళ్ళు తీసినదాన్ని, నాకు తెలుసు. ఊక వేసి చూశా. మన నీళ్ళు ఇటొస్తన్నయ్యి, వాళ్ళ నీళ్ళు కూడా ఇటే వస్తన్నయ్యి. రెండు వాలులూ ఎదురెదురు."

క్రిస్టీ బల్ల మీదికి వంగింది. రెండు పటాలనూ దగ్గరికి జరిపి అంచులు కలిపింది. పట్నం పటం మీద బాణం గుర్తు కిందికి చూస్తోంది. ఊరి పటం మీద మొదటి బాణం గుర్తు పైకి చూస్తోంది. రెండు పొట్టేళ్ళు తలలు ఆనించి నిలబడ్డట్టు ఉన్నాయి.

"అవును సార్" అంది క్రిస్టీ చిన్నగా. "ఎవరి కాగితం వాళ్ళు చూస్తే కరెక్టేనండి. కలిపితేనే తప్పు."

రోజారమణి ముఖం ఎర్రబడింది. అయినా దాచలేదు. "మావాళ్ళు కావాలనే ఎదురువాలు పెట్టించారండీ. అప్పుడు నేను సర్పంచిని కాదు గానీ నాకు తెలుసు. పట్నం మురుగు మా చెరువులో కలిస్తే గొడ్లు ఏం తాగాలి? అందుకని బడి దగ్గర ఎత్తు చేసి ఇటు వాలు పెట్టారు. ఈ ఇంటి సంగతి ఎవరూ ఆలోచించలా."

"నీకెలా తెలుసమ్మా ఇదంతా? హద్దు దాటి వెళ్ళమని ఎవరు చెప్పారు నీకు?" అని కమిషనరు పున్నమ్మని అడిగాడు. కోపంగా అడగలేదు. అయినా పున్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేనండి" అన్నాడు కొండలరావు. కూర్చున్న కుర్చీలోంచి లేచాడు. "నేనే పంపా సార్. పని అయ్యాక ఒక చూపు చూసి రమ్మని."

పున్నమ్మ ఆయన వంక చూసింది. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఆమె ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. కానీ అబద్ధం ఆడి తనని కాచినవాడి ముందు, టీ గ్లాసు పట్టుకుని తను ఇంకా నిజం దాచడం పున్నమ్మకి చేతకాలేదు.

"మేస్త్రి గారు పంపలేదండీ. నేనే పోయా. పట్నం కాలవ కట్టింది మా ఆయన. రాయి దాటాక నీళ్ళు ఎటు పోతాయని ఒక్కసారి అడిగాడు. మన పని కాదన్నారు. మళ్ళీ అడగలా. ఈ ఇల్లు మునుగుతుంటే చూడలేక ఈ వీధే మానేశాడు. అందుకని నేను వచ్చా."

హఫీజున్నీసా టీ పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

మూడు రోజులు రాయి దగ్గరికి టీ రాలేదు. పున్నమ్మ తొమ్మిదింటికి వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. లోపల మిషను చప్పుడు వినిపిస్తూనే ఉండేది. నాలుగో రోజున చప్పుడు ఆగింది.

హఫీజున్నీసా గేటు దగ్గరికి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఆరేళ్ళక్కా! ఆరేళ్ళు నా అరుగు మీద కూర్చుని ఒక్క మాట చెప్పలేదే!"

"చెబితే ఆ అరుగు పోద్దని భయం వేసింది హఫీజమ్మా."

హఫీజున్నీసా గేటు గడియ తీసి, మళ్ళీ వేసింది. తర్వాత అంది. "మీ ఆయన్ని నేను చూశా. ఆ మొదటి వాన రోజున రోడ్డు మీద ఒకాయన నిలబడి ఏడుస్తన్నాడు. ఈయనెవరబ్బా, నా ఇల్లు మునిగితే ఈయన ఏడుస్తాడేంటి అనుకున్నా." ఆగి, "రేపటి నుంచి టీ ఇస్తా. ఇవాళ మాత్రం ఇవ్వను. ఇవాళ నాకు కోపంగా ఉంది" అని లోపలికి పోయింది.

మర్నాడు టీ వచ్చింది. పంచదార కొంచెం తక్కువే వేసింది.

రెండు ఊళ్ళూ కలిసి ఒకే తీర్మానం రాసుకోవడానికి రెండు నెలలు పట్టింది. రోజారమణి చెరువు మాట వదల్లేదు. వదలకపోవడమే మంచిదైంది. కాలవని చెరువు పక్కగా తప్పించి వాగు వైపు తిప్పాలని, దారిలో మురుగు నిలిచి తేరుకునే గుంట ఒకటి తవ్వాలని తేలింది. గుంటకి స్థలం ఊరిది, కట్టే ఖర్చు పట్నానిది. శుభ్రం చేయడానికి రెండు వైపుల మనుషులూ కలిసి రావాలి, ఇకమీదట రాయి చూడకూడదు. పున్నమ్మ మీద వచ్చిన ఫిర్యాదు ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఆ కాగితాల బీరువా తాళంచెవి కొండలరావు దగ్గర ఉంటుంది.

హఫీజున్నీసా కొనేవాళ్ళకి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. "మొదటి వాన చూసి చెబుతా" అంది. వాళ్ళు విసుక్కుంటే, "తొమ్మిది వానలు నేను చూశా, మీరు ఒక్కటి ఆగలేరా?" అంది.

ఎండాకాలంలో పని మొదలైంది. పున్నమ్మ తన డ్యూటీ అయ్యాక వచ్చి వేపచెట్టు నీడన కూర్చుని చూసేది. ఒకరోజు పాతగుడ్డలో చుట్టిన మూట తెచ్చింది. అందులో బసవయ్య లెవెలు చూసుకునే ప్లాస్టిక్ గొట్టం ఉంది. నీళ్ళు నింపి ఒక కొస తాపీ మేస్త్రి చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది. క్రిస్టీ దగ్గర మూడు కాళ్ళ పరికరం ఉన్నా, ఆ పిల్ల ఏమీ అనలేదు. గొట్టంలో నీళ్ళు నిలకడ అయ్యేదాకా తనూ ఆగింది. తన పుస్తకంలో ఉన్న అంకె, గొట్టం చూపించిన అంకె సరిపోయాయి.

"అవతల ఎటు పోతాయి బాబూ నీళ్ళు?" అని పున్నమ్మ తాపీ మేస్త్రిని అడిగింది.

"గుంటలోకి పిన్నీ."

"గుంట తర్వాత?"

"వాగులోకి."

"ఒకసారి నడిచి చూపిస్తావా?"

తాపీ మేస్త్రి నవ్వాడు. "నిన్నేగా చూపించింది!"

"నిన్న ఒక్కసారే గదయ్యా చూశా" అంది పున్నమ్మ. అతను తాపీ కింద పెట్టి ముందు నడిచాడు. ఆమె వెనకే నడిచింది, వాగు దాకా.

మృగశిర కార్తెలో మొదటి పెద్దవాన పడింది. తెల్లవారుజామున మొదలై తొమ్మిదింటిదాకా కురిసింది. పున్నమ్మ తడిసి ముద్దయి రాయి దగ్గరికి వచ్చింది. చీరకొంగున కట్టుకొచ్చిన ఊక విప్పి నీళ్ళ మీద చల్లింది. ఊక రాయి దాటింది. హఫీజున్నీసా గుమ్మం ముందు ఒక్క చుట్టు తిరిగింది. పున్నమ్మ వంగి చూసింది. తర్వాత ఊక సర్దుకుని తుమ్మలబోడు వైపు చకచకా సాగిపోయింది.

హఫీజున్నీసా వరండా మెట్టు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మెట్టు తడిసింది, ఇల్లు తడవలేదు. లోపల మిషను ఈ ఏడూ ముందుగానే ఇటుకలెక్కి ఉంది.

"దించవా ఇంక?" అంది పున్నమ్మ.

హఫీజున్నీసా లేచి వెళ్ళి మిషను ఒక పక్క ఎత్తి పట్టుకుంది. పున్నమ్మ వంగి రెండు ఇటుకలు లాగింది. రెండో పక్కకి వచ్చేసరికి హఫీజున్నీసా ఆగింది.

"ఉండక్కా. అన్నీ ఒకేసారి తీస్తే మిషను వణుకుద్దేమో" అంది. ఆనక తన మాటకి తనే నవ్వుకుని, ఆ పక్క కూడా ఎత్తింది. నాలుగు ఇటుకలూ బయటికి తెచ్చి అరుగు పక్కన పేర్చారు. కాలు జారకుండా పున్నమ్మ ఎక్కడానికి అవి ఒక మెట్టుకి సరిపోయాయి.

జగ్గయ్యపేట తమ్ముడికి ఫోను చేసి ఏం చెప్పిందో పున్నమ్మ అడగలేదు. గోడౌను వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ రోజు టీలో పంచదార ఎక్కువైంది.